ఢిల్లీ చలిలో డిఫ్యూజర్: నాకు కుదుళ్ళు ఆరితే చాలు

హెయిర్ డ్రయ్యర్ మూతికి బిగించే పళ్ళ గిన్నె, అదే డిఫ్యూజర్, దాని గురించి ఎవరు చెప్పినా ఉంగరాలు ఎంత అందంగా వచ్చాయో చెబుతారు. నాకు దాని మీద ఇష్టం వేరే కారణానికి. ఢిల్లీలో జనవరి పొద్దున తలస్నానం చేసి ఏడున్నరకల్లా బయటపడాల్సిన దాన్ని. పాయల చివర్లు కాస్త తడిగా ఉన్నా నడుస్తుంది. మాడు తడిగా ఉంటే మాత్రం మెట్రో స్టేషన్ చేరేసరికి తల దిమ్మెక్కిపోతుంది. ఇక్కడి ఇళ్ళలో హీటింగ్ ఉండదు, ఎండ చూస్తే పదకొండుకి గానీ రాదు. ఒత్తుగా, భుజాలు దాటి ఉన్న ఉంగరాల జుట్టు దానంతటది ఆరాలంటే మధ్యాహ్నమే.

నా డిఫ్యూజర్‌లో నాకు నచ్చినదల్లా దాని పళ్ళు. వేలి పొడవున, లోపల బోలుగా, చివర చిన్న చిల్లుతో ఉంటాయి. డ్రయ్యర్ ఆపి ఉంచి, తల పక్కకు వంచి, పాయను గిన్నెలోకి దించి, పళ్ళు మాడుకి ఆనేదాకా పైకి తోసి, అప్పుడు ఆన్ చేస్తాను. మళ్ళీ ఆపాకే గిన్నె కిందికి తీస్తాను. వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచే సన్నని అతుకులు, అంటే హైడ్రోజన్ బంధాలు, తడిస్తే విడిపోతాయి. ఆరేటప్పుడు వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే మళ్ళీ బిగుసుకుంటాయి. అందుకే ఆ కాసేపు పాయను కదపకూడదు. వేడి నేరుగా కుదుళ్ళలోకి పాకుతుంటే, చిన్నప్పుడు తలంటయ్యాక అమ్మ నిప్పుల మీద సాంబ్రాణి వేసి, బుట్ట బోర్లించి, దాని మీద జుట్టు పరిచినప్పటి సుఖమే తెలుస్తుంది. మామూలు నాజిల్‌తో ఎన్నేళ్ళు ఆరబెట్టినా ఈ హాయి నాకు దొరకలేదు.

ఈ గిన్నె నా మొదటిది కాదు. మొదట కొన్నది మడతపెట్టే సిలికాన్ గిన్నె. అన్ని డ్రయ్యర్లకూ సరిపోతుందని పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాశారు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. పొగమంచు కమ్మిన ఒక పొద్దున, ఎడమవైపు పూర్తిగా ఆరి, వెనక నుంచి మెడ మీదికి నీళ్ళు కారుతుండగా డ్రయ్యర్ ఠక్కున ఆగిపోయింది. ప్లగ్గు మార్చాను, స్విచ్ నొక్కి చూశాను, ఉలకదు పలకదు. గీజర్ వేసి ఉంది కదా, ఎంసీబీ పడిపోయిందేమోనని చూస్తే అదీ బాగానే ఉంది. కింద క్యాబ్ హారన్, గదిలో వణుకు, ఒకటే టెన్షన్. తలకి తువ్వాలు చుట్టి, పైన ఉన్ని టోపీ లాగి వెళ్ళాను. ఆఫీసులో టోపీ తీసేసరికి సగం తల ఉంగరాలు, సగం తల అట్టకట్టిన పీచు. సాయంత్రం ఇంటికొచ్చి ఊరికే స్విచ్ వేస్తే డ్రయ్యర్ ఏమీ ఎరగనట్టు తిరిగింది!

మా వీధిలో మిక్సీలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళితే నిమిషంలో చెప్పేశాడు. సిలికాన్ గిన్నె ముందు నా అరచెయ్యి పెట్టించాడు. వచ్చే గాలి అంతంత మాత్రం. చిల్లులు తక్కువ కావడంతో గాలి బయటికి పోలేక వేడి లోపలే ఉండిపోతోంది, వేడి హద్దు దాటగానే లోపలి థర్మోస్టాట్ కరెంటు కట్ చేస్తోంది, చల్లబడ్డాక మళ్ళీ కలుస్తోంది. తర్వాత వెనక జాలీ ఊడదీశాడు. రజాయి దూది, దుమ్ము, వెంట్రుకలు కలిసి బూడిద రంగు కంబళి ముక్కలా పేరుకుని ఉన్నాయి. గోటితో పట్టి లాగితే ఒకే పొరగా ఊడివచ్చింది. చలికాలం ఇంటి నిండా రజాయిలే కాబట్టి ఇప్పుడు ఆదివారం ఆదివారం పాత టూత్‌బ్రష్‌తో ఆ జాలీ దులుపుతాను. గట్టి ప్లాస్టిక్ గిన్నెకి మారాక డ్రయ్యర్ మధ్యలో ఆగిన పాపాన పోలేదు.

ఇంత పొగిడాను కదా, ఇది పని తొందరగా తెముల్చుతుందని మాత్రం అనుకోకండి. పాత కాటన్ టీషర్ట్‌తో నీళ్ళన్నీ పీల్చేసి మొదలుపెట్టినా నా జుట్టుకి ముప్పావు గంట పడుతుంది. వేడి పెంచితే తొందరగా అవుతుంది గానీ నేను పెంచను. డ్రయ్యర్‌తో ఆరబెట్టిన జుట్టునీ గాలికి వదిలేసిన జుట్టునీ పోల్చిన ఒక కొరియా అధ్యయనం 2011లో ఆనల్స్ ఆఫ్ డెర్మటాలజీ అనే చర్మవైద్య పత్రికలో వచ్చింది. 15 సెంటీమీటర్ల దూరం నుంచి, డ్రయ్యర్‌ని కదుపుతూ ఆరబెడితే గాలికి ఆరనివ్వడం కన్నా తక్కువ నష్టమని అందులో తేల్చారు. అక్కడ వేడి 47 డిగ్రీలు. 5 సెంటీమీటర్ల దగ్గర అదే 95. గిన్నెలో కూర్చున్న పాయకి ఆ దూరం ఎక్కడిది? అందుకే తక్కువ వేడి, తక్కువ స్పీడు, చివర్న చల్లగాలి బటన్.

కుదుళ్ళ దగ్గర పొంగి నిలబడిన జుట్టు అద్దంలో చూసుకుంటే ప్రాణం లేచివస్తుంది, నిజమే. కానీ దట్టమైన పొగమంచులో గాలి నిండా తేమే. జెల్ గట్టిగా పట్టించి, అది ఆరి జుట్టు మీద కట్టిన పెళుసు పొరని నలపకుండా అలాగే వదిలేసి వెళ్ళిన రోజునే ఉంగరాలు ఆఫీసుదాకా నిలుస్తాయి. లేదంటే దారిలోనే రేగిపోతాయి. ఆ సంగతిలో డిఫ్యూజర్ చేయగలిగింది ఏమీ లేదు.

రాత్రి తలస్నానం చేసే వీలున్నవాళ్ళకీ, పలచటి జుట్టువాళ్ళకీ ఇంత తతంగం అక్కర్లేదనే నా ఉద్దేశం. సంక్రాంతికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు నేను దీన్ని వెంట తీసుకెళ్ళను, డాబా మీద ఎండ చాలు. పొద్దున్నే పరుగు, ఒత్తు జుట్టు, తడి చలి మూడూ ఉన్నవాళ్ళయితే కొనండి. కొనేముందు మీ డ్రయ్యర్ పట్టుకెళ్ళి, దాని మూతికి గిన్నె బిగించి, ఆన్ చేసి, పళ్ళ చివర్ల నుంచి గాలి జోరుగా వస్తోందో లేదో అరచేత్తో చూసుకోండి.