పది రొయ్యల చెరువులు: ఎలా కలిపితే మేలు?

భీమవరం వైపు ఒక డ్రెయిన్ వెంట పది రొయ్యల చెరువులున్నాయనుకుందాం. ఒకదాని నీరు గానీ వల గానీ మరోదానికి వెళితే మాత్రికలో (అంకెల గళ్ల పట్టికలో) ఆ జంట గడిలో 1, లేకుంటే 0. వైట్‌స్పాట్ (రొయ్యల వైరస్ తెగులు) పక్క చెరువుకు పాకే రేటును, ఎండగట్టి బ్లీచింగ్ చేశాక చెరువు శుభ్రపడే రేటుతో భాగించండి. 1ని మాత్రిక పెద్ద ఐగెన్ విలువతో (ఈ లంకెల మీదుగా తెగులు విడత విడతకూ చివరికి ఎన్ని రెట్లవుతుందో చెప్పే సంఖ్యతో) భాగిస్తే హద్దు వస్తుంది. మన నిష్పత్తి ఆ హద్దు దాటితే తెగులు దానంతటది పోదు.

నీరు ఎగువ నుంచి దిగువకే పారే వరసలో ఐగెన్ విలువలన్నీ సున్నా, అంటే దాటడానికి హద్దే ఉండదు. తెగులు తిష్ఠ వేయదు. అలాగని నిశ్చింతగా ఉండకండి. నిష్పత్తి 2 అయి, మొదటి చెరువు నుంచి వైరస్ ఆగకుండా వస్తుంటే, సరళ లెక్కలో (చెరువు తెగులుతో నిండిపోవడాన్ని పట్టించుకోని లెక్కలో) ప్రతి చెరువు దగ్గరా అది రెట్టింపవుతుంది. పదో చెరువుకు 512 రెట్లు! చివరికి ఏమవుతుందో ఐగెన్ విలువ చెబుతుంది గానీ, మధ్యలో ఎంత పోటెత్తుతుందో చెప్పదు. శివారు రైతు గోడు అదే.

ఆ శివారు నీటినే మోటారుతో మళ్లీ మొదటి చెరువుకు తోడితే వలయం ఏర్పడి పెద్ద ఐగెన్ విలువ 1 అవుతుంది. సముద్రం దగ్గర ఆటుపోట్లకు నీరు రెండు వైపులా సమానంగా కదిలితే, అదే వరస విలువ 1.92, హద్దు 0.52.

వీటన్నిటికన్నా చేటు, ఒక చెరువు వలలూ సామగ్రీ మిగతా తొమ్మిదింటికీ తిరిగి వస్తుండడం. విలువ 3, హద్దు 0.33. వరస ఎంత పొడుగైనా 2 దాటదు. నడుమ ఒకటి, చుట్టూ మిగతావి ఉండే ఈ నక్షత్రం మాత్రం 37 చెరువులకు 6 అవుతుంది. ఐదేసి చెరువులకు ఒక వలల సెట్టు చొప్పున విడదీస్తే 3 కాస్తా 2కు దిగుతుంది. మోటార్ల మీద ఖర్చుకు ముందు ఈ పని చేయడం మంచిది.

కబురు సంగతి వేరు. ఆక్సిజన్ పడిపోయిందన్న మాట ఎంత త్వరగా అందరికీ చేరుతుందో లాప్లాసియన్ మాత్రిక (ఒక్కొక్కరి లంకెల సంఖ్యను కర్ణం మీద రాసి, అందులోంచి లంకెల మాత్రికను తీసేస్తే వచ్చేది) ఐగెన్ విలువల్లో చిన్నవాటిలో రెండోది చెబుతుంది: వరసకు 0.098, వలయానికి 0.38, నక్షత్రానికి 1. నీటికి చెడ్డదైన నక్షత్రమే ఫోన్లకు మేటి. కాకపోతే నడిమి ఫోను ఆగిందా, తొమ్మిది మందీ విడివిడిగా మిగులుతారు. వలయంలో ఒక లంకె తెగితే వరస మిగులుతుంది. కబురు నెమ్మదిగానైనా చేరుతుంది.