ఏడేళ్లు జర్మనీలో తిరిగొచ్చిన మా గ్రైండరు

2016లో సెలవు అయిపోయి ప్రొద్దుటూరు నుంచి మళ్లీ జర్మనీకి బయల్దేరినప్పుడు రెండు లీటర్ల టేబుల్ టాప్ వెట్ గ్రైండరు పట్టుకుపోయాను. 23 కిలోల లగేజీలో 12 కిలోలు అదే తినేసింది. విమానాశ్రయంలో పెట్టె తెరిపించి, రాళ్లు చేతిలోకి తీసుకుని ఇవేంటని అడిగారు. దోశల పిండికి అన్నాను. పక్కనున్నాయనకు దోశ అర్థమైనట్టుంది, నవ్వి వదిలేశాడు. ఏడేళ్లు వాడి, అక్కడ కాపురం ఎత్తేసినప్పుడు మళ్లీ మోసుకొచ్చాను. అంత మోజు పడడానికి అందులో ఏముందో, ఏం లేదో చెప్తాను.

ముందు కరెంటు సంగతి. జర్మనీలోనూ మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మోటారుకు ఇబ్బంది లేదు, మన మూడు పిన్నుల ప్లగ్గే అక్కడ పట్టదు. నేను కొన్న చవక అడాప్టరుకు ఎర్తే లేదు. తడి చేతులతో ముట్టుకునే వస్తువుతో ఆటలెందుకని ప్లగ్గే మార్పించాను. అమెరికా పోయేవాళ్లు మాత్రం ఇక్కడిది మోసుకుపోవద్దు. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. దానికి తగ్గ మోడల్ అక్కడే కొనుక్కోవడం మేలు.

నేను దీన్ని కొన్నది కారం దోశ కోసం. అంతకుముందు ఏడాదంతా మిక్సీలో తిప్పాను. బ్లేడు వేడికి మినప్పిండి వెచ్చబడేది, పొంగేది కాదు. రాళ్ల కింద అరగంట నలిగితే అదే పప్పు వెన్నలా వస్తుంది. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలుతుంది. ఆ పనికి ఈ గ్రైండరుకు వంక పెట్టలేను.

అయినా మొదటి దోశ అట్టముక్కలా వచ్చింది. వీడియో కాల్‌లో అమ్మకు చూపిస్తే "ఏ బియ్యం పోసినావురా?" అంది. బాస్మతి. అమ్మ నెత్తి కొట్టుకుంది. మా ఇంట్లో దోశలకు ఎప్పుడూ స్టోరు బియ్యమే, అంటే రేషన్ బియ్యం. ఆ లావు బియ్యం జర్మనీలో ఎక్కడ తెచ్చేది? కర్నూలు సోనా ఒక్కటే పోస్తే మెత్తబడింది. చివరికి సగం సోనా, సగం తమిళుల షాపులో దొరికే ఇడ్లీ బియ్యం పోస్తే దారికొచ్చింది. గ్రైండరును తిట్టుకున్న మూడు నెలల్లో దాని తప్పేమీ లేదు.

తర్వాత చలి. డిసెంబరులో ఇంట్లో 19 డిగ్రీలు. రాత్రి రుబ్బిన పిండి పొద్దునకి రుబ్బినట్టే ఉండేది. గిన్నెను ఓవెన్‌లో పెట్టి, వేడి చేయకుండా లోపలి బల్బు మాత్రం వేసి ఉంచితే పన్నెండు గంటల్లో పొంగింది. ఒకసారి మా ఆవిడ లోపల పిండి ఉందని తెలియక కేకు కోసం ఓవెన్ వేడి చేసింది. గిన్నె అంచు చుట్టూ రొట్టె తయారైంది. బాగానే తిన్నాం.

ఎర్రకారం దగ్గర మాత్రం నాకు దీంతో పడలేదు. నానబెట్టిన ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఉప్పు. ఇద్దరికి సరిపడా వేస్తే రాళ్లకు అందక డ్రమ్ము గోడకు అంటుకుపోతుంది. కనీసం పావు కిలో మిరపకాయలుంటేనే నలుగుతుంది. పైగా ఎంత కడిగినా వాసన పోదు. మరుసటి వారం ఇడ్లీలు లేత గులాబీ రంగులో వచ్చాయి. ఎర్రకారానికి చిన్న మిక్సీ జారే నయం. దోశ మీద అది పూసి, పప్పుల పొడి చల్లి, పెనం మీదే మడిస్తే కళ్లు మూసుకుని కడపలో ఉన్నామనుకోవచ్చు. కళ్లు తెరిస్తే కిటికీ బయట మంచు.

ఓళిగలకు, అదే బొబ్బట్లకు, పూర్ణం రుబ్బబోతే మోటారు మూలిగి ఆగిపోయింది. ఆ ప్రయోగం మీరు చేయొద్దు.

చప్పుడు గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. జర్మనీలో ఆదివారం రోజంతా, మిగతా రోజుల్లో రాత్రి పది తర్వాత చప్పుడు చేయకూడదు. మనకేమో పిండి గుర్తొచ్చేదే ఆదివారం. కింది ఇంటి పెద్దావిడ ఒకసారి పైకొచ్చి, ఏదైనా మిషను పాడైందా అని మర్యాదగానే అడిగింది. ఆ రోజు నుంచి శనివారం మధ్యాహ్నం, కింద పాత యోగా మ్యాట్ మడిచి వేసి రుబ్బడం. క్రిస్మస్‌కు ఆవిడకు నాలుగు ఇడ్లీలు ఇచ్చాను. గులాబీవి కావు.

రిపేర్లు రెండే. నాలుగో ఏడు బెల్టు సాగి డ్రమ్ము తిరగడం మానేసింది. ఊరి నుంచి వచ్చే చుట్టం చేత కొత్తది తెప్పించే దాకా రెండు నెలలు దోశల్లేవు. పోయేటప్పుడే ఇంకో బెల్టు పెట్టెలో వేసుకోండి, బరువేమీ ఉండదు. పిండిని గోడ నుంచి గీకే ప్లాస్టిక్ ముక్క కూడా విరిగింది. దాని బదులు చెక్క గరిటెతో సరిపెట్టాను.

ఇప్పుడది ప్రొద్దుటూరులో అమ్మ వంటింట్లో ఉంది. ప్లగ్గు మళ్లీ మార్పించాం. ఇక్కడి మే నెలలో పిండి అయిదు గంటలకే పొంగి గట్టు మీదికి కారుతోంది, ఓవెన్ బల్బుతో పనేముంది? అమ్మ దోశల పిండి అందులోనే రుబ్బుతోంది. ఊరిమిండి పచ్చడికి మాత్రం వేయించిన శెనక్కాయలు, పచ్చిమిరపకాయలు, చింతపండు పట్టుకుని పెరట్లో రోలు దగ్గరికే పోతుంది. నేను గ్రైండరు మూత తీస్తే "దాన్ని మూసిపెట్టు, రోకలి ఇట్లా తే" అంటుంది.