మా పేట ఆరోగ్య కేంద్రం: మందులున్నాయి, మనుషులు చాలడం లేదు

చెన్నైలో పెరంబూరు వైపు మేము స్థిరపడి ముప్పై ఏళ్లు దాటింది. మావారికి షుగరు, బీపీ ఉన్నాయి. రెండేళ్లుగా నెలనెలా మా పేటలోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే వెళ్తున్నాం. నేను జమాఖర్చుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కడికి వెళ్లినా డబ్బు ఏ పద్దులో పడుతోందో చూసే అలవాటు ఇంకా పోలేదు.

ముందు మందుల సంగతి. షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ ఒక్క నెల కూడా లేవనలేదు. తమిళనాడులో 1995 నుంచి ప్రభుత్వాసుపత్రులకు మందులు కొనే పని తమిళనాడు వైద్య సేవల సంస్థ చూస్తోంది. కంపెనీ పెట్టిన పేరుతో కాక, మందు అసలు పేరుతో టెండరు పిలిచి టోకున కొంటుంది. నాణ్యత పరీక్ష చేయించి గోదాముల నుంచి ఇస్తుంది. ఒక్కో ఆసుపత్రికి ఒక పాసుపుస్తకం ఉంటుంది, అందులో ఉన్న విలువ మేరకు సరుకు తీసుకుంటారు. లెక్కలు చూసిన మనిషిగా ఈ పద్ధతికి చేతులెత్తి నమస్కరిస్తాను.

ఇక సిస్టరు గురించి చెప్పాలి. ఫిబ్రవరిలో బీపీ చూసి పంపేస్తుందనుకుంటే, మావారిని చెప్పులు విప్పమంది. కళ్లు మూసుకోమని, సన్నని నైలాను పోగుతో ఒక్కో వేలినీ తాకుతూ "తగిలిందా సార్?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది. ఎడమకాలి మూడో వేలి దగ్గర ఆయన ఏమీ చెప్పలేదు. మళ్లీ తాకింది. మళ్లీ ఏమీ చెప్పలేదు. మడమ మీది పగులులో చిన్న పుండు ఉంది. షుగరు వల్ల పాదంలో స్పర్శ తగ్గి నొప్పి లేదు కనుక ఆయనకు తెలియలేదు, నేనూ చూడలేదు. అప్పటికప్పుడు శుభ్రం చేసి కట్టు కట్టింది. మరో పదిహేను రోజులు అలాగే ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది. వాడిన పోగు ఖరీదు ఎంతో ఉండదు. ఖర్చంతా ఆమె జీతమే.

ఈ మాటే మా అన్నయ్య కొడుకుతో అన్నాను. "అత్తయ్యా, ఆరోగ్యానికి ఇచ్చే డబ్బులో సింహభాగం జీతాలకే పోతే జనానికి మిగిలేదేమిటి?" అన్నాడు వాడు. జీతాలిచ్చి మందులకు పైసా మిగల్చకపోతే డాక్టరు చీటీ రాసి బయట కొనుక్కోమనాల్సిందే. ఆ మేరకు వాడి మాట నిజం. కానీ మొత్తమే చిన్నదైతే జీతాల వాటా పెద్దగా కనిపించక తప్పదు. 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయం జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. ఆరోగ్య ఖర్చుల మీద కేంద్రం వేసే లెక్కలు, అంటే జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2021-22లో అది 1.84 శాతం.

పైగా ఆ వాటాను కాగితం మీద తగ్గించడం తేలిక. ఊడ్చేవారిని, కాపలావారిని గుత్తేదారు ద్వారా తెస్తే ఆ సొమ్ము జీతాల పద్దులో కనిపించదు. కాంట్రాక్టు సేవల కింద పడుతుంది. ఊడ్చే చెయ్యి మాత్రం అదే, ఆ చేతికి అందేది ఇంకా తక్కువ. నర్సుల సంగతీ చూశాం. 2015లో ఈ రాష్ట్రంలో వేలమందిని పరీక్ష పెట్టి ఎంపిక చేసి, నెలకు 7,700 రూపాయల గంపగుత్త జీతానికి తీసుకున్నారు. ఆ జీతంతో చెన్నైలో ఇంటద్దె ఎలా కడతారు?

అన్నిటికన్నా సులువైన పొదుపు, ఖాళీని నింపకపోవడం. మా కేంద్రంలో రక్తపరీక్ష చేసే యంత్రం ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ మాత్రం నాలుగు నెలలుగా లేరు. యంత్రం మీద పూల గుడ్డ కప్పి, దాని మీద పాత రిజిస్టర్లు పేర్చారు. మూడు నెలల సగటు షుగరు పరీక్ష బయట చేయించుకోమన్నారు. 450 రూపాయలయింది. ఆ టెక్నీషియన్ జీతం సర్కారు లెక్కలో మిగులు. అది మా పర్సులోంచి వెళ్లింది. దేశం మొత్తం ఆరోగ్య వ్యయంలో జనం సొంతంగా పెట్టుకున్నది 2021-22లో 39.4 శాతం, అందులో మా 450 లాంటివే ఎన్నో. పక్కన కూర్చున్న పూలమ్మే ఆవిడ ఆ చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. పరీక్ష చేయించుకుందో లేదో.

వెళ్లేవారికి: సోమవారం రద్దీ ఎక్కువ, మేము గురువారం 8 గంటలకే చేరుకుంటాం. పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి, డాక్టరమ్మ ఓపికగా చదువుతారు. కూర్చోవడానికి బల్లలు చాలవు. తాగునీరు ఉంది. షుగరు ఉన్నవారు పాదం చూడమని అడగండి, సిస్టరు విసుక్కోదు. నేను అయిదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటి ఖాళీ కుర్చీకే. సూచనల పుస్తకంలో తమిళంలో, తప్పులున్నా సరే, నా చేత్తోనే రాసి వచ్చాను: టెక్నీషియన్‌ను వేయండి, కాంట్రాక్టు మీదున్న సిస్టర్‌ను పర్మనెంట్ చేయండి.