లాల్‌బజార్‌లో చేయించిన మిగ్-27 చెక్క మోడల్: రెండోసారికి సరిగ్గా వచ్చింది

తిరుమలగిరి లాల్‌బజార్‌లో షీల్డులు, మెమెంటోలు చేసే ఒక చిన్న షాపులో నాన్న కోసం మిగ్-27 యుద్ధవిమానం మోడల్ చేయించాను, టేకు చెక్క, అడుగు పైన పొడవు, స్టాండ్‌తో కలిపి 4,500 తీసుకున్నారు. మూడు వారాలన్నారు కానీ నెలా పది రోజులు పట్టింది.

నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. మా ఇంట్లో కార్గిల్ మాటొస్తే ఆయన ముందు చెప్పేది 1999 మే 27 గురించే. పైలట్ ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత మిగ్-27లో వెళ్ళి బటాలిక్ వైపు కొండల మీద రాకెట్లు వేసి, మళ్ళీ తిరిగొచ్చి గన్ పేల్చాక ఇంజిన్ ఆరిపోయింది, ఫ్లేమౌట్ అంటారు. మిగ్-27కి ఉన్నది ఒకటే ఇంజిన్, అసలే అంత ఎత్తులో గాలి పల్చగా ఉంటది, దానికి తోడు గన్ నుంచొచ్చే వేడి గ్యాస్ ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజిన్‌కి గాలి పోయే దారిలోకి, పోతే కంప్రెసర్‌కి ఊపిరాడదు అని నాన్న చెప్తారు. నచికేత గాల్లోనే ఇంజిన్ మళ్ళీ అంటించడానికి ట్రై చేశారు, అంటుకోలేదు, కింద చూస్తే అన్నీ కొండలే, ఎజెక్ట్ అయి పారాచూట్‌తో దిగక తప్పలేదు. పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడి, జూన్ 3న రెడ్ క్రాస్ వాళ్ళకి అప్పగించేదాకా వాళ్ళ దగ్గరే ఉన్నారు. ఆయన ఎక్కడ పడ్డారో వెతకడానికి ఆగిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా నడుపుతున్న మిగ్-21 విమానాన్ని పాకిస్తాన్ వాళ్ళు మిసైల్‌తో కొట్టారు, అహూజా తిరిగి రాలేదు. ఈ మాట దగ్గరికొచ్చేసరికి నాన్న ప్రతిసారీ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతారు.

ఇక మోడల్ సంగతి. మొదటిసారి ఇచ్చినప్పుడు పెయింట్ మెరుస్తోంది, చూడ్డానికి బానే ఉంది, నేను డబ్బులిచ్చి తెచ్చేశాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ముక్కు దగ్గర్నుంచి బొటనవేలితో తడుముకుంటూ వచ్చి కాక్‌పిట్ పక్కన ఆగారు. "గాలి ఎటు నుంచి పోతదిరా ఇందులోకి?" అన్నారు. చూస్తే ఇన్‌టేక్ ఉండాల్సిన చోట రెండు పక్కలా నల్ల రంగు పూసి వదిలేశారు. ముక్కు కూడా సూదిగా చేశారు, మిగ్-27కి రాడార్ ఉండదు కాబట్టి ముక్కు పైనుంచి కిందకి ఏటవాలుగా, బాతు ముక్కులా ఉంటది, పైలట్‌కి నేల బాగా కనపడాలని.

మర్నాడు నాన్నే నాతో వచ్చారు. షాపాయన విసుక్కోలేదు, స్టూల్ వేసి కూర్చోబెట్టి "చెప్పండి అంకుల్" అన్నాడు, నాన్న పాత పేపర్ మీద బొమ్మ గీశారు, ఆయన అక్కడికక్కడే సన్న ఉలితో ఇన్‌టేక్ అరంగుళం లోపలిదాకా తొలిచాడు. ముక్కు మొత్తం కొత్తగా చేసి అతికించాడు, అతుకు ఎక్కడుందో నాకు ఇప్పటికీ కనపడదు. ఎక్స్‌ట్రా ఒక్క రూపాయి అడగలేదు.

రెక్కలు ఫిక్స్‌డే, అసలుదాంట్లో 16 డిగ్రీల నుంచి 72 దాకా వెనక్కి ముడుచుకుంటాయి, ఈ రేటుకి అది అడగలేం. రౌండెల్ (ఎయిర్‌ఫోర్స్ గుండ్రటి గుర్తు) స్టిక్కర్ల అంచులు మాత్రం అప్పుడే లేస్తున్నాయి, పెయింట్ చేసుంటే బాగుండేది. ఆర్డర్ ఇచ్చేవాళ్ళు పక్కనుంచి, కిందనుంచి తీసిన ఫోటోలు ఇవ్వండి, పెయింట్ వేయకముందే ఒకసారి వెళ్ళి చూసుకోండి.

పోయిన వారం నాన్న నాకు చెప్పకుండా వెళ్ళి అహూజా గారి మిగ్-21కి అడ్వాన్స్ ఇచ్చొచ్చారు. దీనికి గాలి ముక్కులోంచే పోవాలి అని ముందే బొమ్మ గీసిచ్చారంట.