అతుకు లేని తొమ్మిది మీటర్లు: సర్వో కటర్‌తో నాలుగేళ్లు

విజయవాడ ఆటోనగర్‌లోని మా రేడియం (స్టిక్కర్ల) దుకాణంలో 54 అంగుళాల సర్వో కటర్‌ను 2021లో దింపుకున్నాం. స్టిక్కర్లకు వాడే వినైల్ అనే జిగురు షీటు రోలును, తన స్థానాన్ని తానే సరిచూసుకునే సర్వో మోటారుతో కదిలిస్తూ, కంప్యూటరులోని బొమ్మ ప్రకారం బ్లేడుతో కోసే యంత్రమిది. దాని వేగమెంత, ఎన్ని గ్రాముల ఒత్తిడితో కోస్తుంది, బొమ్మలు గీసే కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్‌తో ఎలా కలుస్తుంది అన్న సంగతులు డీలరు ఇచ్చే కాగితంలోనే ఉంటాయి కనుక వాటి జోలికి వెళ్లను. కంపెనీ పేరు కూడా చెప్పడం లేదు. నేను రాయబోయే గుణం ఆ తరగతి యంత్రాలన్నింటిలోనూ చూడవలసినదే. ఆ గుణం ట్రాకింగ్, అంటే రోలు ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు కదిలినా పక్కకు జరగకుండా అదే దారిలో నడవడం. బస్సుల పని చేసేవారికి ఇంతకు మించిన గుణం లేదన్నది నాలుగేళ్ల తరువాత కూడా నా అభిప్రాయం.

అంతకు ముందు మా దగ్గర ఉన్నది 4 అడుగుల స్టెప్పర్ మోటారు (తన స్థానాన్ని సరిచూసుకోని చవక రకం మోటారు) యంత్రం. నేమ్ బోర్డులకూ, అద్దాల మీద అక్షరాలకూ అది చాలా ఏళ్లు మాకు అన్నం పెట్టింది. కాని మూడు మీటర్లు దాటిన గీత కోయమంటే రోలు కొద్దికొద్దిగా ఒక పక్కకు ఒరిగిపోయేది. అందుచేత బస్సు పక్కన వేసే పట్టీని నాలుగు ముక్కలుగా కోసి, ఒకదాని చివర మీదికి మరొకదాన్ని అరంగుళం ఎక్కించి అతికించేవాళ్లం. అతికించిన రోజున ఆ అతుకు ఎవరికీ కనబడదు. ఒక్క వేసవి గడిచేసరికి ఎండకు వినైల్ ముడుచుకుని, అతుకు పెదవి కాస్త లేచి, దాని కింద దుమ్ము చేరి నల్లటి నిలువు చార పడుతుంది. ఆ తరువాత బస్సు కడిగేటప్పుడు ప్రెషర్ పంపు నీళ్లు సరిగ్గా అక్కడే చొరబడతాయి. "మళ్లీ ఊడిందండీ" అని బస్సు యజమాని ఫోను చేసినప్పుడల్లా తప్పు నా చేతిదా, యంత్రానిదా అని మథనపడేవాణ్ణి.

కొత్త యంత్రం బిగించిన రోజున బ్లేడు తీయించి పెన్ను పెట్టించాను. తెల్ల రోలు మీద 9 మీటర్ల పొడవున రెండు అంచుల దగ్గరా గీతలు గీయించి, మొదటికి తెప్పించి, అవే గీతలను మళ్లీ గీయమన్నాను. తరువాత దాన్ని నేల మీద పరిచి, చివరి మీటరు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూశాను. రెండో గీత మొదటి గీతలోనే కలిసిపోయింది; సిరా కాస్త చిక్కబడిందే గాని గీత వెడల్పు పెరగలేదు. ఆ వారమే ఒక కాలేజీ బస్సుకు నీలం పట్టీని ఒకే ముక్కగా వేశాం. డ్రైవరు తలుపు వెనక నుంచి టెయిల్ లైటు దాకా సాగిన ఆ పట్టీని పక్క షెడ్డులోని బాడీ మేస్త్రి గోరుతో తడిమి చూసి "ఇది పెయింటు కాదా అన్నా?" అని అడిగాడు. పాత యంత్రానికి ఐదు రెట్ల ధర పెట్టానన్న బెంగ నాకు ఆ రోజుతో తీరింది.

మూడేళ్ల పాటు అడిగినవారందరికీ ఇదే చెప్పాను. 2024 సెప్టెంబరు తరువాత ఆ మాటకు షరతులు చేర్చవలసి వచ్చింది.

ఆ నెల 1న బుడమేరు వాగు పొంగి మా ఊళ్లోని సింగ్ నగర్ మునిగినప్పుడు మా రోళ్లు కొన్ని అక్కడి ఒక ఇంటి పైఅంతస్తులో ఉన్నాయి. నీరు వాటి దాకా రాలేదు. కింద రోజుల తరబడి నీళ్లు నిలిచి, కరెంటు లేక, తలుపులు మూసి ఉన్న గదిలో అవి తడవకుండా ఉన్నందుకు సంతోషించి దుకాణానికి తెచ్చుకున్నాం. అప్పుడు చేతిలో ఉన్నది ఆరు కాలేజీ బస్సుల పని: నీలం పట్టీ, దాని కింద 10 మిల్లీమీటర్ల ఖాళీ, ఆ కింద సన్నని ఎర్ర గీత. మొదటి పట్టీ కోస్తుండగా బ్లేడు తాను బయలుదేరిన మూలకు తిరిగి వచ్చి, 6 మిల్లీమీటర్లు పక్కన ఆగింది. రోలు విప్పి మళ్లీ బిగించి కోస్తే ఈసారి నాలుగు. వేగం తగ్గించాం, రోలును నొక్కి పట్టే రబ్బరు చక్రాల స్థానాలు మార్చాం, వాటి ఒత్తిడి పెంచాం. కంటికి తెలియదులే అని ఒకటి అతికించాం కూడా. ముందు పది ఉన్న ఖాళీ వెనక చక్రం దాటేసరికి ఆరయింది. ఆ తేడాను కాలేజీ రవాణా చూసే ఆయన దూరం నుంచే పసిగట్టారు. దాన్ని పీకేసి, జిగురు తుడిచి, ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

హైదరాబాదు నుంచి సర్వీసు ఇంజనీరు మూడో రోజుకు వచ్చారు. రోలును లాగే గరుకు రోలర్లలో పక్క షెడ్డు నుంచి వచ్చే పుట్టీ పొడి పేరుకుపోయిందని చూపించి, బ్రష్షుతో దులిపించారు. కొంత నయమైంది గాని పూర్తిగా కాదు. అప్పుడాయన ఏసీ గదిలో జులై నుంచి నిలబెట్టి ఉన్న సగం రోలును ఎక్కించమన్నారు. అది 9 మీటర్లూ తిన్నగా నడిచింది. సింగ్ నగర్ నుంచి తెచ్చిన రోలును విప్పి నేల మీద పరిస్తే మధ్యలో చదునుగానే ఉంది. అంచులు మాత్రం అప్పడం అంచుల్లా అలలు తిరిగి ఉన్నాయి. వినైల్ వెనక ఉండే కాగితం గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. చుట్టి ఉన్న రోలులో గాలి తగిలేది అంచులకే కాబట్టి అవి ముందు ఉబ్బుతాయి. రబ్బరు చక్రాలు పట్టుకునేదీ ఆ అంచులనే. మోటారు ఎంత కచ్చితంగా తిరిగినా అలల మీద పట్టు ఎడమవైపు ఒకలా, కుడివైపు ఒకలా ఉంటుంది. ఆ రోళ్లను నెల రోజులు ఏసీలో ఉంచినా దారికి రాలేదు. చిన్న అక్షరాలకు వాడేశాం.

ఇప్పుడు పొడవు పని ఉంటే రోలును ఒక రోజు ముందే యంత్రం ఉన్న గదిలోకి తెస్తాం. కోయవలసినంత పొడవును ముందే విప్పి, ఒకసారి ముందుకూ వెనక్కూ నడిపించి వదులు చేస్తాం, ఎందుకంటే 15 కిలోలకు పైగా బరువుండే రోలును మోటారే లాగవలసి వస్తే అక్కడే జారుడు మొదలవుతుంది. వానాకాలంలో వెనక కాగితానికి పాలిథిన్ పూత ఉన్న వినైల్ మాత్రమే కొంటున్నాం. ఖరీదు కొంచెం ఎక్కువే.

తెలుగు అక్షరాల గురించి కూడా నేను లోగడ ఈ యంత్రాన్ని ఎక్కువగా పొగిడాను. సున్నలు, వట్రుసుడులు, చిన్న వత్తులు పగలకుండా కోసేది యంత్రమే అనుకున్నాను. వెలుతురు పడితే మెరిసే రిఫ్లెక్టివ్ షీటులోని గాజు పూసలకు అరిగిన బ్లేడునే మామూలు వినైల్‌కూ వాడిన రోజున ఆ సున్నల మూతి కలవనే లేదు. అక్షరాల చుట్టూ మిగిలే పొట్టు వినైల్‌ను పీకుతుంటే అక్షరం కూడా లేచి వచ్చింది. అప్పటి నుంచి రిఫ్లెక్టివ్‌కు వేరే బ్లేడు పెట్టుకున్నాను.

నా పనిలో సగానికి పైగా బస్సులు, కంటైనర్లు. మాకు ఏసీ గది ఉంది, రోలు చివర పట్టుకునేందుకు మరో మనిషి ఉన్నాడు. ఇవన్నీ ఉన్నాయి కనుక ఆ ధర నాకు గిట్టింది. నంబరు ప్లేట్లు, దుకాణం బోర్డులే ప్రధానమైనవారికి మంచి బ్లేడు పెట్టిన స్టెప్పర్ యంత్రమే చాలునేమో; ఈ డబ్బు పెట్టమని వారితో గట్టిగా చెప్పలేను. నేను రెండోది కొనవలసి వస్తే మాత్రం ఆగస్టులో వాన పడుతున్న రోజు చూసి, మా దుకాణంలోని రోలునే డీలరు దగ్గరికి మోసుకువెళ్లి, పెన్నుతో తొమ్మిది మీటర్లు గీయిస్తాను.