సూదులు తగ్గించిన ఆసుపత్రి

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు వైపున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా ఇంటివాళ్లు ఇప్పటికి మూడుసార్లు చేరారు. 2013లో మా నాయనకు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ జరిగింది. పోయిన సంవత్సరం అదే ఆపరేషన్ మా తమ్ముడికి జరిగింది. ఈ మధ్య మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ సోకడంతో మా అమ్మ ఐదు రోజులు అక్కడే ఉంది. మెచ్చుకోవలసిన సంగతులతో పాటు గట్టి ఫిర్యాదు కూడా ఒకటి ఉంది కనుక ఆసుపత్రి పేరు రాయడం లేదు. గదులు శుభ్రంగానే ఉన్నాయి. లిఫ్టు మాత్రం స్ట్రెచరు వచ్చినప్పుడల్లా మిగిలినవాళ్లను మెట్లెక్కిస్తుంది. నేను వివరంగా రాయదలచుకున్నది యాంటీబయాటిక్‌లను ఈ ఆసుపత్రి అప్పుడు ఎలా వాడింది, ఇప్పుడు ఎలా వాడుతున్నది అన్న సంగతి.

నాయనకు ఆపరేషన్ అయిన తరువాత ఐదు రోజుల పాటు సెఫ్ట్రియాక్సోన్, దానికి తోడు అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌లు ఎక్కించారు. ఇంటికి పంపేటప్పుడు మరో ఐదు రోజులకు మాత్రలు రాశారు. చేతి నరం వాచి, మందు ఎక్కించే సన్నని గొట్టం (కాన్యులా) మూడుసార్లు మార్చవలసి వచ్చింది. ఎందుకిన్ని అని మేమెవరమూ అడగలేదు సరికదా, ఇన్ని సూదులు వేశారంటే బాగా చూసుకున్నట్టేనని ఊళ్లో గొప్పగా చెప్పుకున్నాం. అదే ఆపరేషన్‌కు తమ్ముడికి పడినది ఒక్క సెఫాజొలిన్ డోసు, అదీ కోత పెట్టడానికి ముందు గంటలోపు. వార్డుకు తెచ్చాక యాంటీబయాటిక్ సూది గానీ, మాత్ర గానీ లేదు. మా మరదలు భయపడి అడిగితే సర్జన్ గారు నిలబడి ఓపికగా వివరించారు: కోత పడే వేళకు మందు ఒంట్లో చేరి ఉండాలి, కుట్లు వేశాక రోజుల తరబడి ఇచ్చినా చీము పట్టే అవకాశం అంతకన్నా తగ్గదు, ఒంట్లోని సూక్ష్మజీవులు మాత్రం ఆ మందుకు అలవాటుపడతాయి. ఆపరేషన్ ముగిశాక ముందుజాగ్రత్త యాంటీబయాటిక్‌ను పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. తమ్ముడి కుట్లు చక్కగా మానాయి. నాయనవి కూడా మానాయి లెండి, కాబట్టి మా ఇంటి లెక్క ఏ పక్షానికీ రుజువు కాదు.

ఈ మార్పు ఎంత పెద్దదో తెలియాలంటే దేశంలో మామూలుగా జరుగుతున్నది చూడాలి. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 నవంబరు నుంచి 2022 ఏప్రిల్ వరకు 20 పెద్ద ఆసుపత్రుల్లో చేసిన సర్వేలో, చేరిన రోగుల్లో నూటికి దాదాపు 72 మందికి యాంటీబయాటిక్ పడుతున్నట్టు తేలింది. రాసిన మందుల్లో సగానికి పైగా జబ్బుకు వైద్యంగా కాక జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చినవే. ఏ క్రిమి వల్ల జబ్బు వచ్చిందో పరీక్షలో తేల్చుకుని ఇచ్చినవి నూటికి ఆరు మాత్రమే. పెద్ద బోధనాసుపత్రుల్లోనే పరిస్థితి ఇలా ఉంటే, మా పాకాల లాంటి చోట ఆర్ఎంపీ దగ్గర ఏమి జరుగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

అమ్మ విషయంలో సరిగ్గా అదే జరిగింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి మొదలైతే మా ఊళ్లోనే రెండు రోజులు సూదులు వేయించి, సెఫిక్సిమ్ మాత్రలు మింగించాం. అందులో మా తప్పూ ఉంది. ఆ మాత్రలను తమ్ముడు చీటీ లేకుండానే బస్టాండు దగ్గరి మందుల షాపులో తెచ్చాడు. సెఫిక్సిమ్ వంటి మందులను షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో చేర్చి, చీటీ లేనిదే అమ్మకూడదని, అమ్మినప్పుడు రోగి పేరూ డాక్టరు పేరూ రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలని 2014 మార్చి నుంచి నిబంధన అమలులో ఉంది. ఆ షాపులో రిజిస్టరు ఉన్నదో లేదో గానీ, తమ్ముడిని పేరైనా అడగలేదు.

గురువారం రాత్రి పది దాటాక కారులో బయలుదేరి, రుయాకు వెళ్లాలా, స్విమ్స్‌కు వెళ్లాలా అని తేల్చుకోలేక, పాత పరిచయం కొద్దీ ఈ ఆసుపత్రికే తీసుకువచ్చాం. డ్యూటీ డాక్టరు అమ్మాయి మొదట అడిగిన ప్రశ్న ఇప్పటికే ఏ మందులు పడ్డాయన్నది. మేము చూపించిన మాత్రల అట్ట చూసి, ముందే యాంటీబయాటిక్ పడింది కనుక కల్చర్‌లో, అంటే క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షలో, క్రిమి దొరకకపోవచ్చని హెచ్చరించి, అయినా సరే మొదటి డోసుకు ముందే మూత్రం, రెండు చేతుల నుంచి రక్తం కల్చర్‌కు తీయించారు. సూది వెంటనే వేయలేదని అమ్మకు కోపం వచ్చింది. "సూది ఎయ్యకపోతే జొరం ఎట్లా తగ్గుతాది నాయనా?" అని నన్ను నిలదీసింది. నిజానికి ఆలస్యమైనది ఇరవై నిమిషాలు. ఆ తరువాత పిపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్ సూది మొదలుపెట్టారు. మూత్రపిండం పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తంలో కాస్త పెరిగి ఉండడంతో మూత్రపిండానికి భారమయ్యే అమికాసిన్‌ను పక్కన పెట్టామని కూడా చెప్పారు.

కేస్ షీటులో యాంటీబయాటిక్‌కు వేరే పేజీ ఉంది. మందు పేరు పక్కన ఎందుకు ఇస్తున్నారో, కల్చర్ పంపారో లేదో, మళ్లీ ఏ రోజున ఆలోచించాలో రాసే గళ్లు ఉన్నాయి. యాంటీబయాటిక్ రాసేటప్పుడు కారణం కూడా రాయాలని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 2024 జనవరిలో డాక్టర్లకు లేఖ రాసింది. ఇక్కడ ఆ గడి ఖాళీగా లేదు. నర్సుల గది గోడ మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో మందుల పట్టిక అంటించి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చేసిన విభజన అది: ముందుగా వాడవలసినవి, జాగ్రత్తగా వాడవలసినవి, చివరి అస్త్రంగా దాచుకోవలసినవి. నాయనకు పడిన సెఫ్ట్రియాక్సోన్ పసుపులో, తమ్ముడికి పడిన సెఫాజొలిన్ ఆకుపచ్చలో, కొలిస్టిన్ ఎరుపులో ఉన్నాయి. మెరోపెనెమ్ పసుపులోనే ఉన్నా, అది కావాలంటే పెద్ద డాక్టరు సంతకంతో ప్రత్యేక ఫారం ఇవ్వాలని, లేకుంటే తమ ఫార్మసీ ఇవ్వదని సిస్టర్ చెప్పింది. పక్క మంచం వాళ్లు "పవర్ మందు వేయండి" అని పట్టుబట్టినప్పుడు కూడా ఆ ఫారం కదలలేదు. పదేళ్ల కిందట ఇదే వార్డులో అడిగితే కాదనేవాళ్లు కారు.

ఇక లోటుపాట్లు. కల్చర్ రిపోర్టు ఆదివారానికే సిద్ధమైనా, ఆదివారం సంతకం చేసే మైక్రోబయాలజీ డాక్టరు ఉండరట, అది సోమవారం ఉదయం వార్డుకు చేరింది. ఆ ఒక్క రోజుకు మూడు డోసుల సూది మందు అదనంగా పడింది, మంచం బిల్లు సరేసరి. మూత్రంలో ఈ. కోలి అనే క్రిమి పెరిగింది. సెఫ్ట్రియాక్సోన్‌కూ సిప్రోఫ్లాక్సాసిన్‌కూ అది లొంగదు, సెఫిక్సిమ్ కూడా సెఫ్ట్రియాక్సోన్ జాతిదే, అంటే ఊళ్లో వేయించిన సూదులు, మాత్రలు వట్టివే. నైట్రోఫ్యురాంటాయిన్‌కు లొంగుతుందని రిపోర్టులో ఉన్నా, ఆ మందు మూత్రసంచిలోనే పనిచేస్తుంది తప్ప మూత్రపిండం కండలోకి చాలినంత చేరదని చెప్పి, పాతకాలపు కోట్రైమాక్సజోల్ మాత్రకు మార్చారు. అమ్మ వాడే బీపీ మాత్ర టెల్మిసార్టన్ కనుక, రెండూ కలిస్తే పొటాషియం పెరగవచ్చని మాత్రకు ముందు ఒకసారి, మర్నాడు ఒకసారి రక్తం చూశారు. క్రియాటినిన్ అప్పటికే మామూలుకు దిగింది. మొత్తం వైద్యం ఏడు రోజులు, అందులో సూదులు పోగా మిగిలినవి చవక మాత్రలు.

ఇంత శ్రద్ధగా నడిచిన వ్యవహారం మంగళవారం డిశ్చార్జ్ దగ్గర తప్పింది, నా అసలు ఫిర్యాదు ఇదే. డిశ్చార్జ్ సమ్మరీలో కోట్రైమాక్సజోల్ మూడు రోజులని రాసి, దాని కిందే సెఫిక్సిమ్ 200 ఐదు రోజులని అచ్చయి ఉంది. ఏ జాతి మందుకు క్రిమి లొంగదని అదే సమ్మరీ రెండో పేజీలో ఉందో, ఆ జాతి మందే మొదటి పేజీలో ఉంది. ఫార్మసీలో రిజిస్టరు తీసి, పేరూ నంబరూ రాసుకుని, నిబంధన ప్రకారం ఆ అట్టను కూడా సంచిలో వేశారు. నేను వార్డుకు తిరిగి వెళ్లి అడిగితే, మూత్ర ఇన్ఫెక్షన్ కేసులకు కంప్యూటరులో పాత నమూనా ఒకటి ఉందని, టైపు చేసే అబ్బాయి అందులో నింపేటప్పుడు ఆ లైను తీసేయలేదని డ్యూటీ డాక్టరు ఒప్పుకుని, కొట్టివేసి సంతకం పెట్టారు. మందు డబ్బు వాపసు ఇవ్వడానికి మాత్రం ఫార్మసీ ముప్పావు గంట నిలబెట్టింది. ఇంగ్లీషు చదవడం రాని మనిషి వెంట ఉన్న రోగి అయితే ఆ ఐదు రోజుల మాత్రలు కడుపులోకి వెళ్లేవే. గోడ మీద పట్టిక మార్చినవాళ్లు కంప్యూటరులోని ఆ లైనును కూడా మార్చవలసింది.

ఇంకొక చిన్న సంగతి: వరండాలో చేతులు శుభ్రం చేసుకునే ద్రావణం సీసాలు నాలుగు ఉంటే, మేమున్న ఐదు రోజుల్లో రెండు ఎప్పుడు నొక్కినా ఖాళీయే. మందుకు లొంగని క్రిములు ఒక మంచం నుంచి ఇంకొక మంచానికి చేరేది ఎక్కువగా చేతుల మీదుగానే కనుక, లిఫ్టు కన్నా ముందు దీని సంగతి చూడాలి.

పది రోజుల తరువాత చూపించడానికి వెళ్లాం. జ్వరం, మంట లేవని విని పెద్ద డాక్టరు గారు మళ్లీ మూత్రం కల్చర్ అక్కరలేదన్నారు. షుగరున్న పెద్ద వయసు ఆడవాళ్లకు ఏ బాధా లేకపోయినా మూత్రంలో క్రిములు కనబడడం మామూలేనని, పరీక్ష చేస్తే కనబడతాయని, కనబడితే ఎవరో ఒకరు మందు రాస్తారని నవ్వారు. ఒక్క మాత్రైనా రాయించుకోకుండా ఫీజు కట్టి వచ్చామని అమ్మ పాకాల చేరేదాకా సణుగుతూనే ఉంది. ఆ ఆసుపత్రిలో చూపించుకునే ఉద్దేశం ఉన్నవాళ్లు వీలైతే వారం మొదట్లో చేరండి, డిశ్చార్జ్ రోజున సమ్మరీని కల్చర్ రిపోర్టు పక్కన పెట్టి డాక్టరు చేతనే చదివించుకోండి.