యూవీ రెసిన్ పెంకు: మెరుపు బాగుంది, బంకే వదలదు

రొయ్య ఫ్లైకి, అంటే చేపని ఆశపెట్టడానికి గాలం మీద ఈకలూ నైలానూ చుట్టి కట్టే ఉత్తుత్తి రొయ్యకి, కళ్ళు, మీసాలు ఎవరైనా ఎలాగోలా కుదురుస్తారు. లావుపాటి నైలాన్ కొసను లైటర్‌తో కరిగిస్తే కన్ను, పెయింటు బ్రష్‌లోంచి రెండు వెంట్రుకలు పీకితే మీసం. రొయ్యకు లేవా బారెడు మీసాలని ఊరికే అనలేదు. అసలు పనంతా వీపు మీది పెంకు దగ్గరుంది. దానికి చాన్నాళ్ళుగా యూవీ రెసిన్ వాడుతున్నాను, అంటే అతినీలలోహిత కాంతి టార్చ్ వేస్తే గట్టిపడే జిగురు. ఎంత మోజో అంత కోపం.

ముందు మోజు సంగతి. పచ్చి రొయ్యని వెలుతురుకి పట్టుకుంటే అవతలి వేలు కనిపిస్తుంది. ఆ తేటదనం నాకు రెసిన్‌తోనే వచ్చింది. పల్చటి ప్లాస్టిక్ కవరు ముక్కని వీపు మీద పరిచి, సన్న నైలాన్‌తో కణుపులు పడేలా చుట్టి, సూది మొనతో ఒక చుక్క పెడితే చాలు, సందుల్లోకి అదే పాకుతుంది. టార్చ్ వేసేదాకా గట్టిపడదు కనక కంగారు లేదు. కలిపిన ఐదు నిమిషాల్లో బిగుసుకుపోయే ఎపాక్సీ జిగురుతో ఈ సుఖం లేదు, పైగా అది పసుపెక్కుతుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్లో రొయ్యలమ్మే ఆవిడ నేను కొన్న నారింజరంగు ఫ్లై చూసి "ఇదేటి బాబూ, వండీసిన రొయ్యా?" అంది. నేను కట్టినదాన్ని మాత్రం అటూ ఇటూ తిప్పి చూసింది.

ఇక కోపం. సీసా మీద బంక ఉండదనే రాసుంది. వానాకాలంలో ఓ రాత్రి కట్టినవన్నీ పెట్టెలో సర్దుకుని, తెల్లారి భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసేచోట మూత తీశాను. అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. లాగితే ఒకదాని కోడి ఈక కాళ్ళు ఇంకోదాని వీపు మీద! ఊడొచ్చినది చెయ్యి జారి కింద పడింది, చెక్కల మీద నువ్వుల్లా వీపంతా ఇసుక. అవతల పండుగప్ప నీళ్ళు చిమ్ముతోంది, నేను ఈకలు ఏరుకుంటూ కూర్చున్నాను.

గాలిలోని ఆక్సిజన్ పైపొరని గట్టిపడనివ్వదు, అదీ కారణం. లోపల రాయి, పైన బంక. టార్చ్‌లో బ్యాటరీ దిగితే మరీను. ఇప్పుడు స్పిరిట్ దూదితో తుడిచి, పూర్ణా మార్కెట్ ఫ్యాన్సీ షాపులో దొరికే రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేస్తున్నాను. ముసురు రోజుల్లో అదీ పాలలా తెల్లబడుతుంది, నిన్నటి చచ్చిన రొయ్యలా కనిపిస్తుంది. చేపకి పట్టింపు ఉందో లేదో గానీ నాకుంది.

పెంకుకి ఇదొక్కటే దారని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే వీపు మీద వరకే, అదీ పల్చగా అంటాను. మందంగా వేస్తే తెన్నేటి పార్క్ కింద రాళ్ళకి తగిలి పగులుతుంది. తోక దగ్గర ఇంకా జాగ్రత్త. బెదిరిన రొయ్య తోక కొట్టి వెనక్కి దూకుతుంది కాబట్టి తోకని గాలం కంటి వైపు, అంటే దారం కట్టే రంధ్రం వైపు కడతాం. చుక్క ఎక్కువైతే ఆ కన్నే మూసుకుపోతుంది.

కొనమంటారా అంటే, నేను సముద్రపు గాలి కొట్టే గదిలో, ఏసీ లేకుండా కడతాను. మీ గది పొడిగా ఉంటే మీకీ గొడవ ఇంత ఉండకపోవచ్చు. చిన్న సీసాతో మొదలుపెట్టండి. ఒక్క ఫ్లై కట్టి, రాత్రి బయటే ఉంచి, పొద్దున వేలితో నొక్కి చూశాకే మిగతావి కట్టండి.